గోధుమరంగు డ్రాగన్ తక్కువదా?

ప్రశ్న: మా నాన్నగారు ఓడ ఇంజను గదిలో పనిచేసిన రోజుల్లో బూసాన్ నుంచి ఒక తెల్ల పింగాణీ జాడీ తెచ్చారు. దాని మీద గోధుమరంగు డ్రాగన్ గుడ్లు మిటకరించి, మీసాలు ఎగరేసి, పిల్లలు గీసినట్లు ఉంటుంది. అడుగున ఆంగ్లంలో ‘కొరియా’ అని ముద్ర ఉంది. నీలం బొమ్మ ఉన్నదే అసలైనదని, ఇది నాసిరకమని చుట్టాలు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: నాసిరకం కాదమ్మా. ముద్రను బట్టి మీ జాడీ ఈ కాలపు నకలే. కానీ అది ఎలాంటి జాడీకి నకలో తెలిస్తే మీ చుట్టాలు ఆ మాట అనరు.

కొరియాను ఏలిన జోసన్ రాజుల కాలంలో (1392–1910) డ్రాగన్ జాడీలను ఆస్థాన వేడుకల్లో మద్యానికి, పూలకు వాడేవారు. సియోల్ దగ్గరి గ్వాంగ్జులో ప్రభుత్వ బట్టీలు ఉండేవి. కొలువులోని చిత్రకారులే అక్కడికి వెళ్లి బొమ్మ వేసేవారు. నీలానికి కావలసిన కోబాల్టు మాత్రం బయటి నుంచి రావాలి. 1592లో జపాన్ దండెత్తింది. 1627లో, మళ్లీ 1636లో ఉత్తరాన ఉన్న మంచూరియా నుంచి మంచూలు వచ్చిపడ్డారు. దేశం చితికిపోయింది, కోబాల్టు కరవైంది. కొన్ని వేడుకలను ఉట్టి తెల్ల జాడీ మీద అప్పటికప్పుడు రంగుతో డ్రాగన్ వేసి గట్టెక్కించారు. ఆ కరవులోనే ఇనుప రంగు వాడకం పెరిగింది. మన ఎర్రమట్టి దిబ్బలకు ఎరుపు తెచ్చిన ఇనుమే బట్టీ మంటలో గోధుమరంగుకు తిరుగుతుంది.

ముప్పై ఏళ్లుగా పింగాణీ మీద కుంచె పడుతున్నాను కాబట్టి చెబుతున్నాను. మెరుగు పూయని మట్టి తడిని చటుక్కున పీల్చేస్తుంది. కుంచె ఒక్క క్షణం ఆగితే అక్కడ మచ్చ పడుతుంది, దిద్దుకోవడం కుదరదు. అందుకే ఆ డ్రాగన్‌ను ఒక్క ఊపులో లాగుతారు. వీపు దగ్గర గీత లావెక్కుతుంది, తోక దగ్గర రంగు చాలక చీలుతుంది. పిల్లల గీతలా మీకు కనిపించింది ఆ తెగువే. నీలం డ్రాగన్ల నిండుతనం కంటే నాకు ఇదే ఇష్టం.

1996లో న్యూయార్క్ వేలంలో 17వ శతాబ్దపు ఇనుప రంగు డ్రాగన్ జాడీ ఒకటి 84 లక్షల డాలర్లు పలికింది.

ఒక పని చేయండి. జాడీ నడుము చుట్టూ వేళ్లతో నిమరండి. పెద్ద జాడీలను రెండు గిన్నెలుగా చేసి, మూతికి మూతి కలిపి అతికేవారు. సన్నని గట్టు తగిలితే, మీ జాడీ చేసిన కుమ్మరి కూడా ఆ పాత పద్ధతినే పట్టుకున్నాడన్నమాట. తగిలితే నాకు తప్పక రాయండి.