తెలిసినవాళ్ళ కంపెనీలో ఫ్లాట్ కొంటున్నారా?

ఇల్లు, జాగా మీద పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా వీధిలోనే ఆఫీసు ఉన్న ఒక కుటుంబ సంస్థ నలభై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మొదలుపెడుతోంది. తండ్రి ఇదివరకు వెంచర్లు వేసేవారు, ఇప్పుడు ఇద్దరు కొడుకులు చూసుకుంటున్నారు. మొత్తం డబ్బు ఇప్పుడే కడితే అడుగుకు ఎనిమిది వందలు తగ్గిస్తామంటున్నారు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబర్ ఇంకా రాలేదట, అడిగితే ‘మనోళ్ళమే కదా సార్, నెల రోజుల్ల వస్తది’ అంటున్నారు. ఆ పెద్దాయనతో మా నాన్నకు ముప్పై ఏండ్ల పరిచయం. కట్టమంటారా? (ఒక పాఠకుడు, హనుమకొండ)

జవాబు: ఇప్పుడు కట్టొద్దు. నంబర్ వచ్చాక ఇదే ఫ్లాట్ ఎక్కువ రేటుకు కొన్నా మీకు నష్టం లేదు.

2016 నాటి రెరా చట్టం ప్రకారం ఇంత పెద్ద ప్రాజెక్టు రిజిస్టర్ కాకముందు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం రెండూ తప్పే. దానికి ప్రాజెక్టు ఖర్చులో 10 శాతం దాకా జరిమానా ఉంది. నంబర్ వచ్చిన తర్వాత కూడా, సేల్ అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయించేదాకా ఫ్లాట్ ధరలో 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. కొన్నవాళ్ళు కట్టే డబ్బులో 70 శాతం ఆ ప్రాజెక్టు కోసమే తెరిచిన బ్యాంకు ఖాతాలో ఉండాలి, పని ఎంత జరిగిందో ఇంజినీర్, ఆర్కిటెక్ట్, సీఏ ధ్రువీకరిస్తేనే అంతమేరకు బయటికి తీయాలి. ‘మొత్తం ఇప్పుడే’ అన్న బేరంలో మీ డబ్బుకు ఈ కాపలా ఏదీ ఉండదు. అది పక్క ఊళ్ళో ఇంకో వెంచర్ జాగాకు బయానాగా పోయినా మీకు తెలియదు.

ఆ కుటుంబం మోసం చేస్తుందని నేననడం లేదు. మన దగ్గర ఇలాంటి సంస్థలకు ఒక బలం ఉంది, దాన్ని నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. హైదరాబాద్ నుంచి వచ్చిన పెద్ద కంపెనీ అయితే గోడ చెమ్మ పట్టిందని ఫోన్ చేస్తే కంప్లైంట్ నంబర్ ఇస్తుంది. ఇక్కడి పెద్దాయనైతే పొద్దున్నే మేస్త్రిని బండి మీద ఎక్కించుకుని వస్తాడు, ఎందుకంటే రేపు ఏ పెళ్ళిలోనో మీ నాన్నకు ఎదురుపడాల్సిందే. కానీ ఆ భరోసా ఆయన ఉన్నంతవరకే. కట్టడంలో లోపం తేలితే, ఫ్లాట్ అప్పగించిన నాటి నుంచి 5 ఏండ్ల వరకు బిల్డరే పైసా తీసుకోకుండా, చెప్పిన 30 రోజుల్లో సరిచేయాలని చట్టంలో ఉంది. ఆ బాధ్యత కొడుకుల మీదా ఉంటుంది, అందుకే అగ్రిమెంట్‌లో ఆ మాట ఉందో లేదో చూసుకోండి.

ఇంకో సంగతి చాలామంది అడగరు. అనుమతి ఇచ్చేటప్పుడు మున్సిపల్ కార్పొరేషన్ మొత్తం నిర్మాణంలో 10 శాతం భాగాన్ని తన దగ్గర మార్ట్‌గేజ్ (తాకట్టు) పెట్టించుకుంటుంది, సాధారణంగా కింది అంతస్తుల్లోవే. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కాపురం ఉండొచ్చని ఇచ్చే పత్రం) వచ్చాకే వాటిని విడిపిస్తారు, అప్పటిదాకా వాటికి రిజిస్ట్రేషన్ కాదు. ‘మోకాళ్ళ నొప్పులున్నాయి కదా, అమ్మకు ఫస్ట్ ఫ్లోర్ ఇస్తాం’ అని వాళ్ళు ప్రేమగా ఇచ్చే ఫ్లాటే ఆ జాబితాలో ఉండొచ్చు. అనుమతి పత్రం, దానితో ఇచ్చిన ప్లాన్ తెమ్మని, ఏ ఫ్లాట్లు మార్ట్‌గేజ్‌లో ఉన్నాయో వేలు పెట్టి చూపించమనండి.

చెక్కు మీద పేరు కూడా చూడండి. కుటుంబ సంస్థల్లో వెంచర్ తండ్రి పేరు మీద, కన్‌స్ట్రక్షన్ పెద్దకొడుకు పేరు మీద, మెయింటెనెన్స్ కోడలి పేరు మీద నడుస్తుంటాయి, అందులో తప్పేమీ లేదు. కానీ మీ రసీదు రెరా సైట్‌లో ప్రమోటర్‌గా (ప్రాజెక్టు కట్టి అమ్మేవారిగా) కనిపించే పేరు మీదే రావాలి, డబ్బు కూడా ఆ ప్రాజెక్టు ఖాతాకే పోవాలి.

ప్రశ్న: కాజీపేటలో మా తాత ఇచ్చిన 800 గజాల జాగా ఉంది. తెలిసిన బిల్డర్ యాభై–యాభైకి డెవలప్‌మెంట్‌కు అడుగుతున్నారు. ఏం రాయించుకోవాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ముందు మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరూ సంతకం పెడతారో లేదో తేల్చుకోండి. తాతల ఆస్తి దగ్గర పనులు ఆగేది ఎక్కువగా అక్కడే.

డెవలప్‌మెంట్ అగ్రిమెంట్, జీపీఏ (మీ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం) కలిపి రిజిస్టర్ చేస్తారు. ఆ జీపీఏలో అమ్ముకునే అధికారం బిల్డర్ వాటా వరకే అని స్పష్టంగా ఉండాలి. ప్లాన్ మంజూరయ్యాక ఏ ఫ్లాట్ ఎవరిదో నంబర్లతో సప్లిమెంటరీ అగ్రిమెంట్ రాసుకోండి. లేకపోతే రోడ్డు వైపు, తూర్పు ముఖం ఫ్లాట్లన్నీ ముందే అమ్ముడుపోయి మీకు వెనకవి మిగులుతాయి. కట్టడం ఆలస్యమైతే నెలకెంత ఇస్తారు, మధ్యలో ఆపేస్తే జాగా ఎలా తిరిగొస్తుంది అన్న రెండూ డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లోనే రాయించండి. మీ 800 గజాల్లో 8 ఫ్లాట్లు దాటి కడుతుంటే రెరా తప్పదు. అప్పుడు కొన్నవాళ్ళ ముందు జాగా ఓనర్‌గా మీకూ బాధ్యత ఉంటుంది, ‘నాకేం తెలుసు, అంతా బిల్డరే’ అంటే చెల్లకపోవచ్చు. రాసే ముందు మీ తరఫున ఒక లాయర్‌ను పెట్టుకోండి, బిల్డర్ తెచ్చిన లాయర్ సరిపోడు.

ప్రశ్న: నయీంనగర్ నాలా దగ్గర ప్లాట్ తక్కువకు వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: 2020 ఆగస్టులో, 2023 జులైలో హనుమకొండ కాలనీల్లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఆ వీధిలో పాత కాపురస్తులను అడగండి, గోడ మీద గీత చూపిస్తారు. తర్వాత చెరువు ఎఫ్‌టీఎల్ (నిండినప్పుడు నీళ్ళు నిలిచే హద్దు), నాలా బఫర్ (పక్కన కట్టకుండా వదలాల్సిన జాగా) ఎంతవరకో ఇరిగేషన్, మున్సిపల్ ఆఫీసుల్లో రాతపూర్వకంగా తీసుకోండి. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కట్టుకోవడానికి అనుమతి వస్తుందని అనుకోవద్దు.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. వాడి ఫ్లాట్ కట్టిన కంపెనీయే అద్దెకిచ్చి చూసుకుంటామంటోంది, జీపీఏ ఇమ్మంటోంది. (కరీంనగర్ నుంచి ఒక తండ్రి)

జవాబు: కట్టినవాళ్ళే చూసుకుంటే మంచిదే, ఏ పైపు ఎటు పోతుందో వాళ్ళకు తెలుసు. అధికారం మాత్రం కంపెనీకి కాకుండా మీ పేరు మీద స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీగా తెప్పించుకోండి. అద్దెకివ్వడం, బిల్లులు కట్టడం, అసోసియేషన్ మీటింగులకు వెళ్ళడం వరకే రాయించండి, అమ్మకం మాట అందులో ఉండొద్దు. అక్కడ కాన్సులేట్‌లో ధ్రువీకరించిన కాగితం ఇక్కడికొచ్చిన మూడు నెలల్లోపు స్టాంప్ వేయించాలి. తర్వాత మీరు కంపెనీతో మేనేజ్‌మెంట్ ఒప్పందం రాసుకోండి: వాళ్ళ ఫీజు ఎంత, ఎన్ని వేలు దాటిన రిపేరుకు మిమ్మల్ని అడగాలి, అద్దెదారు డిపాజిట్ ఎవరి దగ్గర ఉంటుంది. అద్దె అబ్బాయి ఎన్‌ఆర్‌ఓ ఖాతాలో (ఎన్‌ఆర్‌ఐలు ఇక్కడి రాబడి కోసం తెరిచే బ్యాంకు ఖాతా) పడాలి. ఓనర్ ఎన్‌ఆర్‌ఐ అయితే అద్దెదారే అద్దెలోంచి పన్ను (టీడీఎస్) కోసి కట్టాలి, ఇది మన దగ్గర అద్దెదార్లకు చాలామందికి తెలియదు, ఆ పని కంపెనీయే చేయించేలా ఒప్పందంలో పెట్టండి.

ప్రశ్న: మాదే అలాంటి సంస్థ. నాన్న, నేను ఇద్దరమే పార్ట్‌నర్లం. లెక్కలన్నీ నాన్న డైరీలో, మాటలన్నీ ఆయన నోట్లో. నేను కాగితాలు అడిగితే ‘నన్ను నమ్మవా’ అని బాధపడుతున్నారు. టెన్షన్‌గా ఉంది. (వరంగల్ నుంచి)

జవాబు: తమ్ముడూ, ఈ ఉత్తరం నాకు రాసినందుకు సంతోషం, ఎందుకంటే నీ సమస్య ఇంటి గొడవ మాత్రమే కాదు, మీ దగ్గర కొన్నవాళ్ళందరిదీ.

1932 నాటి పార్ట్‌నర్‌షిప్ చట్టం ప్రకారం ఒక పార్ట్‌నర్ పోతే, డీడ్‌లో (పార్ట్‌నర్‌షిప్ పత్రంలో) వేరే షరతు లేకపోతే, సంస్థ రద్దవుతుంది. మీరున్నదే ఇద్దరు కాబట్టి షరతు రాసుకున్నా మిగిలేది నువ్వొక్కడివే, ఒక్కడితో పార్ట్‌నర్‌షిప్ ఉండదు. సగం కట్టిన బిల్డింగ్‌కు ఆ రోజు బ్యాంకు ఖాతా ఆగితే, సంతకం ఎవరిదన్న ప్రశ్న వస్తే, మేస్త్రి కూలీ నుంచి కొన్నవాళ్ళ లోన్ వాయిదా దాకా అన్నీ నిలిచిపోతాయి. అమ్మనో అక్కనో మూడో పార్ట్‌నర్‌గా చేర్చి షరతు రాసుకోవడమో, ప్రైవేట్ లిమిటెడ్‌గా మార్చడమో చేయండి. కంపెనీ అయితే మనిషి పోయినా నిలుస్తుంది.

నాన్న దగ్గర ‘కాగితాలు కావాలి’ అని మొదలుపెట్టకు, ఆయనకు అది అనుమానంలా వినిపిస్తుంది. ఒక సాయంత్రం ఆ డైరీ ముందు పెట్టుకుని, ఆయన ఎవరికి ఏ మాట ఇచ్చారో ఆయన్నే చెప్పమను, నువ్వు రాసుకో. మూడో ఫ్లోర్ ఆయనకు కార్ పార్కింగ్ ఇస్తానన్నారు, టీచరమ్మకు రిజిస్ట్రేషన్ ఖర్చు పెట్టుకుంటానన్నారు, ఇలాంటివి ఏ అగ్రిమెంట్‌లోనూ ఉండవు. రాసినవన్నీ ఆయనకే చదివి వినిపించి, ఆయా ఫ్లాట్ల ఫైళ్ళలో ఆయన సంతకంతో పెట్టు. తన మాట తన తర్వాత కూడా చెల్లాలనే కదా ఆయనకూ ఉండేది.

పూర్తయిన బిల్డింగుల మెయింటెనెన్స్ డబ్బు, కార్పస్ ఫండ్ (బిల్డింగ్ ముందుముందు ఖర్చులకు కొన్నవాళ్ళు కట్టిన నిధి) మీ దగ్గరే ఉంటే వెంటనే విడి ఖాతాలోకి మార్చు. కొత్త సైట్‌లో సిమెంటుకు తక్కువపడిందని అందులోంచి తీసి, తర్వాత సర్దుదామనుకోవడం ఈ వ్యాపారంలో మామూలైపోయింది, అది మీ డబ్బు కాదు. సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లో అసోసియేషన్ పెట్టించాల్సిన బాధ్యత ప్రమోటర్‌దే. ఇంకా పెట్టకపోతే ఈ నెలలోనే మీటింగ్ పిలిచి, లిఫ్ట్, సంపు, జనరేటర్ కాగితాలతో సహా లెక్క అప్పజెప్పు. మొదటి మీటింగ్‌కు నాన్ననే కూర్చోబెట్టు.