పైలట్ చ్యూట్ బద్ధకిస్తోందా? ముందు బ్రిడిల్ చూడండి

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ స్కైడైవింగ్ రిగ్ (వీపుకి కట్టుకునే పారాచూట్ సరంజామా) కొన్నాను. పైలట్ చ్యూట్ (పెద్ద పారాచూట్‌ని బయటికి లాగే చిన్న పారాచూట్) విసిరాక బ్యాగ్ (పెద్ద పారాచూట్‌ని మడిచి పెట్టే సంచి) లేవడం ఆలస్యమవుతోంది. ఆ రెంటినీ కలిపే పట్టీ, అదే బ్రిడిల్, దాని కిటికీలో కాక్ అయిందని చూపే రంగు మాత్రం కనిపిస్తోంది. లోపం ఎక్కడండీ? – ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: కిటికీలో రంగు కనిపించినంత మాత్రాన పైలట్ చ్యూట్ పూర్తిగా కాక్ అయినట్టు, అంటే గాలి పట్టడానికి సిద్ధమైనట్టు కాదు. మీరు చెప్పినదాన్ని బట్టి మొదట అనుమానించాల్సింది కిల్ లైన్‌ని. బ్రిడిల్ గొట్టం లోపలి నుంచి పైలట్ చ్యూట్ నడినెత్తి దాకా వెళ్లే సన్నని తాడు అది. కెనోపీ (పెద్ద పారాచూట్) తెరుచుకోగానే నడినెత్తిని కిందికి లాగి, పైలట్ చ్యూట్ గాలి పట్టకుండా ముడిచేస్తుంది.

ఈ తాడు చాలా రిగ్గుల్లో స్పెక్ట్రా అనే గట్టి ప్లాస్టిక్ పోగుది. అది సుమారు 150 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. జంప్ జంప్‌కీ గొట్టంలో రాసుకుని వేడెక్కి, కరగకపోయినా కొద్దికొద్దిగా కుంచించుకుపోతుంది. పొట్టిబడ్డ తాడు, కాక్ చేశాక కూడా నడినెత్తిని కిందికే పట్టి ఉంచుతుంది. దాంతో పైలట్ చ్యూట్ పూర్తిగా విచ్చుకోదు, బ్యాగ్‌ని లేపే బలం దానికి చాలదు. ఇంకా ముదిరితే రిగ్ మూతని పట్టి ఉంచే పిన్ను కూడా ఊడదు. పైలట్ చ్యూట్ వెనకాల ఈడ్చుకు వస్తూ ఉంటుంది, మీరు పడిపోతూనే ఉంటారు. అందుకే ఈ ఆలస్యాన్ని తేలిగ్గా తీసుకోకండి.

పరీక్ష సులువే. కాక్ చేశాక బ్యాగ్ దగ్గర బ్రిడిల్‌ని ఒకరు పట్టుకోండి, ఇంకొకరు పైలట్ చ్యూట్ నడినెత్తి మీది హ్యాండిల్ పట్టి గట్టిగా లాగండి. పైలట్ చ్యూట్ జాలీలోంచి చూస్తే లోపలి పట్టీలు బిగిసి, కిల్ లైన్ కాస్త వదులుగా ఉండాలి. కిల్ లైనే బిగిసిందంటే అది పొట్టిబడినట్టే. రిగ్గర్‌తో (పారాచూట్లు సరిచేసే నిపుణుడితో) కొత్తది వేయించేదాకా ఆ రిగ్‌తో దూకవద్దు. తాడు సరిగ్గానే ఉంటే గుడ్డ చూపించండి. పాతబడ్డ ఎఫ్-111 గుడ్డ (పైలట్ చ్యూట్లకు వాడే ఒక రకం నైలాన్) పైకి బాగానే కనిపిస్తుంది కానీ గాలిని వదిలేస్తుంది.

ప్రశ్న: నైలాన్ బ్రిడిల్ తీసేసి కెవ్లార్‌ది వేయిస్తే ఇంకా నమ్మకంగా ఉంటుందా? – ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: బలం కోసమే అయితే అక్కర్లేదు. అంగుళం వెడల్పు టైప్-4 నైలాన్ టేపు బలం 1000 పౌండ్లు, అంటే దాదాపు 450 కిలోలు. బ్రిడిల్ తెగేది సాధారణంగా టేపు చాలక కాదు. వెల్క్రో ముళ్లకు నలిగిన చోటో, కుట్లు వదిలిన చోటో తెగుతుంది. పిన్ను కుట్టిన చోటునీ, దాని అటూ ఇటూ అంచుల్నీ వేళ్లతో తడిమి చూడండి.

నైలాన్ తెగేలోపు 20 శాతానికి పైగా సాగుతుంది, కుదుపుని తాను మింగుతుంది. కెవ్లార్ 3–4 శాతమే సాగుతుంది కాబట్టి ఆ కుదుపంతా కుట్ల మీదా, బ్యాగ్ మీదా పడుతుంది. పైగా ఎండకు బలం తగ్గుతుంది, ఒకే చోట మడత పడితే నలుగుతుంది. దాని అసలు గొప్ప వేడికి కరగకపోవడం. మోడల్ రాకెట్లలో మందుగుండు వైపు కెవ్లార్, ఆ పైన నైలాన్ కట్టేది అందుకే.

ప్రశ్న: బ్రిడిల్ పొడవు తగ్గిస్తే చిక్కులు తగ్గవా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: తగ్గించకండి. పడుతున్న మనిషి వీపు వెనక గాలి చచ్చి, సుడి తిరుగుతూ ఉంటుంది. పైలట్ చ్యూట్ ఆ సుడి దాటి శుభ్రమైన గాలిలోకి వెళ్లాలి. పొట్టి బ్రిడిల్‌తో అది వీపు మీదే తచ్చాడుతుంది. తయారీదారు మాన్యువల్‌లో ఉన్న కొలతే ఉంచండి.

చిక్కులకు మందు ప్యాకింగ్‌లో ఉంది. పౌచ్ (పైలట్ చ్యూట్ దూర్చే జేబు) నుంచి పిన్ను దాకా బ్రిడిల్ మొత్తం ఫ్లాప్ కిందే ఉండాలి, ఎక్కడా గాలికి బయటపడకూడదు. బయట తేలిన ఉచ్చుని గాలి పట్టుకుంటే పైలట్ చ్యూట్ ఇంకా పౌచ్‌లో ఉండగానే పిన్ను ఊడిపోతుంది. అదే హార్స్‌షూ, విడిపించుకోవడానికి చాలా కష్టమైన చిక్కుల్లో ఒకటి. పిన్ను బ్రిడిల్ టేపులోంచి గుచ్చుకుపోలేదని, బ్రిడిల్ లెగ్ స్ట్రాప్‌కి చుట్టుకోలేదని విమానం ఎక్కే ముందు మరొకరితో చూపించుకోండి.