కొండమీద బైటు, కింద సమీక్ష

తిరుపతి

అమ్మాయ్,

నువ్వు టీవీకి రాసిన సినిమా సమీక్షల స్క్రిప్టులు చదివినాను. ‘ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్, బీజీఎం అదిరింది’. ఈ మాటలు సినిమా చూడకుండా కూడా రాయొచ్చు కదమ్మా! ఏ సీన్లో జనం లేచి క్యాంటీన్ దిక్కు పోయినారు? ఏ డైలాగుకు హాలంతా ఒక్కసారిగా నవ్వింది? అవి రాయి.

రిపోర్టరుగా ఉంటూనే క్రిటిక్ కావచ్చా అని అడిగినావు. ఎందుకు కాకూడదు? అమెరికాలో జూడిత్ క్రిస్ట్ 1945లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ అనే పేపర్లో చేరి, ఏళ్లతరబడి రిపోర్టింగే చేసింది. బడుల వార్తలు, చదువుల వార్తలు రాసింది. సినిమా విమర్శ చేతికొచ్చింది 1963లో. ఆ ఏడే ‘క్లియోపాత్రా’ వచ్చింది. అప్పటికి అంత ఖర్చుతో తీసిన సినిమా ఇంకోటి లేదు. ఆమె ఉతికి ఆరేసింది. ఆ సినిమా తీసిన ఫాక్స్ స్టూడియో వాళ్లు ఆమెను తమ ప్రివ్యూలకు రానివ్వకుండా చేసినారు. అదే ఏడు ఇంకో సినిమా మీద రాస్తే పేపరుకు ప్రకటనలే ఆగినాయి. పత్రిక మాత్రం సంపాదకీయం రాసి మరీ ఆమె పక్కన నిలబడింది. 1964 నుంచి 1973 దాకా ఎన్‌బీసీ టీవీ ‘టుడే’ షోలో పొద్దున్నే సినిమాల మంచిచెడ్డలు చెప్పింది. కొలంబియా జర్నలిజం స్కూల్లో యాభై ఏళ్లకు పైగా పాఠం చెప్పి, 2012లో పోయింది. ఆమె నోటిదురుసు గురించే అందరూ చెప్పుకుంటారు. నాకు నచ్చింది ఆ దురుసు వెనకాల ఉన్న రిపోర్టరు అలవాటు: ముందు ఏం జరిగిందో చెప్పాలి, ఆ తర్వాతే తీర్పు.

మన ఊర్లో సినిమా బీటంటే, అంటే రిపోర్టరుకు సినిమా వార్తల పనంటే, సగం కొండమీదే. హీరో బ్రేక్ దర్శనం ముగించుకుని గుడి బయటికొస్తాడు, అన్ని చానళ్ల లోగోలూ ఒకేసారి మూతి ముందుకు పోతాయి. ‘స్వామి దయవల్ల సినిమా పెద్ద హిట్టవుతుంది’ అంటాడు. అది బైటు. వార్తగా పంపు, తప్పులేదు. సమీక్ష రాసేటప్పుడు అది గుర్తుకే రాకూడదు. 2023 జూన్ 6న ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్స్‌లో ‘ఆదిపురుష్’ ప్రీ-రిలీజ్ ఈవెంట్ జరిగింది, జూన్ 16న సినిమా వచ్చింది. నడుమ పదంటే పది రోజులు. వేదిక కింద మైకు పట్టుకుని ఆ జనాన్నీ ఆ కేకలనూ చూసిన రిపోర్టరే, పదోరోజు హాల్లో ఒంటరిగా కూర్చుని చూడాల. ఈ పనిలో కష్టమంతా అక్కడే.

టీవీలో ఇంకో చిక్కుంది, పేపరోళ్లకు లేనిది. సమీక్ష మీద నువ్వు వేసే విజువల్స్ ఎవరివి? నిర్మాత ఇచ్చిన ట్రైలరువి, ప్రోమోలవి. ‘పాటలు తేలిపోయినాయి’ అని నీ గొంతు చెప్తా ఉంటే, తెరమీద అవే పాటల్లోని నాలుగు మంచి షాట్లు పోతా ఉంటాయి. చూసేవాడు చెవిని నమ్మడు, కంటినే నమ్ముతాడు. అందుకే గట్టిగా చెప్పాల్సిన మాట నీ ముఖం తెరమీద ఉన్నప్పుడే చెప్పు. ప్రోమోలను కథ చెప్పేదానికి వాడుకో. వాక్యం చిన్నదిగా ఉండాల. స్క్రిప్టును పైకి చదువుకో, ఊపిరి ఎక్కడ ఆగితే అక్కడ కొయ్యి.

టికెట్టు నీ డబ్బుతోనే కొను. పాసులొద్దు. డబ్బులు పెట్టిచ్చే కవరు సంగతి నీకు చెప్పాల్సిన పనిలేదనుకుంటా. యాడ్స్ పేరు చెప్పి డెస్కు వాళ్లు ఒక మాట మెత్తబరచమంటే, ఆ మాట ఎందుకు రాసినావో సీనుతో సహా చూపించు. అప్పటికీ తీసేస్తే తీసెయ్యనీ, కానీ దానికి బదులు పొగడ్త మాత్రం నీ గొంతుతో చదవొద్దు.

ఈ శుక్రవారం మొదటాటకు పోవద్దు. ఫ్యాన్స్ ఈలల్లో ఒక్క డైలాగూ వినపడదు. మ్యాట్నీకి పోయి, రాత్రికి రాసింది ఫోన్లో చదివి వినిపించు. తొమ్మిదిన్నర దాకా మేలుకునే ఉంటాను.

ఆశీస్సులతో,
మీ సార్