పీపీఈ వేసుకోవడం కాదు, విప్పడం నేర్పించండి

మేడమ్, మీ యాభై పడకల ఆసుపత్రికి నిపా వైరస్ లాంటి కేసు వస్తే స్టాఫ్‌కు పీపీఈ (గౌను, గ్లోవ్స్, మాస్క్ లాంటి రక్షణ దుస్తులు) వీడియో చూపించి ఉంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదండీ.

2018లో కేరళలోని కోళికోడ్ ప్రాంతంలో నిపా 17 మందిని పొట్టనపెట్టుకుంది. ఎక్కువమందికి అంటుకున్నది ఆసుపత్రుల్లోనే. పేరాంబ్ర తాలూకా ఆసుపత్రి నర్సు లినీ రోగికి సేవ చేసి ప్రాణం పోగొట్టుకున్నారు. ఆ రోగికి వచ్చింది నిపా అని అప్పటికి ఎవరికీ తెలియదు. అందుకే జ్వరంతో పాటు ఆయాసమో మగతో ఉంటే వెంటనే మాస్క్ ఇచ్చి విడి గదికి పంపే అధికారం ఓపీ నర్సుకే ఇవ్వండి. డాక్టరుగారు వచ్చేదాకా ఆగితే కుదరదు.

ఇక పీపీఈ విప్పే ప్రాక్టీసు. పీపీఈ వేసుకున్నాక గ్లోవ్స్‌కు, గౌను ముందు భాగానికి కుంకుమ కలిపిన నూనె పూయండి. విప్పాక మణికట్టు మీద, మెడ దగ్గర ఎరుపు కనిపిస్తే ఎక్కడ తప్పు జరిగిందో వాళ్లకే తెలిసిపోతుంది. (మరకలు ఓ పట్టాన పోవు, పాత గౌన్లే వాడండి.) పక్కన ఒకరు చెక్‌లిస్ట్ పైకి చదవాలి, ఆ మాట వినకుండా తర్వాతి స్టెప్ వేయకూడదు. 2014లో డల్లాస్‌లో ఎబోలా రోగిని చూసిన ఇద్దరు నర్సులకు అది సోకాక అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా ఇలా పక్కన పరిశీలకులు ఉండాల్సిందేనంది.

స్వీపర్లను, వార్డు బాయ్‌లను, అంబులెన్స్ డ్రైవర్లను మాత్రం వదిలేయకండి. వాంతులు, మలమూత్రాలు శుభ్రం చేసేది వాళ్లే కదా. నైట్ డ్యూటీ వాళ్లకు ఈ ప్రాక్టీసు విడిగా పెట్టండి.