అడగలేని ఆ ఒక్క ముక్క

చిరంజీవి అమ్మాయికి,

నీ స్క్రిప్ట్ రెండుసార్లు చదివాను. టోక్యోలో కోటీశ్వరుల పిల్లల స్కూలు, గేటు దగ్గర వరసగా ఆగే కార్లు, పాలరాతి మెట్లు, అన్నీ శ్రద్ధగా రాశావు. కానీ నలభై పేజీలు దాటినా ఆ ఇద్దరికీ ఏం కావాలో నాకు తెలియలేదు. కోరిందల్లా చేతికి అందుతుంటే నవ్వెక్కడ పుడుతుంది తల్లీ?

‘కగుయా-సామా’ ఒకసారి మళ్లీ తియ్యి. అకా అకాసకా 2015లో మొదలుపెట్టి 2022లో ముగించిన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, 28 సంపుటాలు. షూచియిన్ అకాడమీలో స్టూడెంట్ కౌన్సిల్ ఉపాధ్యక్షురాలు కగుయా, పెద్ద వ్యాపార సామ్రాజ్యం ఉన్న ఇంటి బిడ్డ. అధ్యక్షుడు షిరోగానే లేనింటి కుర్రాడు. పార్ట్‌టైమ్ పనులు చేసుకుంటూ, నిద్ర మానుకుని చదివి ఫస్ట్ ర్యాంకు నిలబెట్టుకుంటాడు. ఇద్దరికీ ఇష్టమే. ముందు బయటపడినవాళ్లు ఓడినట్టు, అంతే.

లంచ్ బాక్స్ చాప్టర్ గుర్తుందా? షిరోగానే తనే వండుకున్న బాక్స్ తెరుస్తాడు. అందులో ఆక్టోపస్‌లా కోసిన చిన్న సాసేజ్. జపాన్‌లో పిల్లల బాక్సుల్లో పెట్టే మామూలు ముచ్చట అది. ఇంటినిండా వంటవాళ్లున్న కగుయా కళ్లు దానిమీదే ఉంటాయి. ఒక్క ముక్క పెట్టమని అడగడానికి మాత్రం నోరు రాదు. ఆ చూపు చూసి, తన తిండిని చులకన చేస్తోందనుకుంటాడు అతను. ఈలోగా కౌన్సిల్‌లోనే ఉండే స్నేహితురాలు ఫుజివారా వచ్చి, ఏ మొహమాటమూ లేకుండా అడిగి తినేస్తుంది! డబ్బు, పరువు, అపార్థం, అసూయ అన్నీ ఆ వేలెడంత ముక్కలోనే ఉన్నాయి. పాలరాతి మెట్లతో పనే పడలేదు.

ఆ పేజీల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంటర్‌లో నా చుట్టూ అంతా ఉన్నవాళ్ల పిల్లలే. క్యారేజీ మూత సగమే తీసి, గోంగూర అన్నం గబగబా తినేసేదాన్ని. పక్కనమ్మాయి రోజూ అటే చూసేది. వెక్కిరిస్తోందని ఏడాదంతా ఆమెతో ముభావంగా ఉన్నాను. పరీక్షలయ్యాక చెప్పింది, ఆ వాసనకి నోరూరేదట.

ఇంకో సంగతి. కగుయా అన్న పేరు జపాన్ పాత కథలో వెదురుబొంగులో దొరికిన చంద్రలోకపు పిల్లది. పెళ్లాడతామని వచ్చినవాళ్లను తేలేని వస్తువులు తెమ్మంటుంది, చివరికి చంద్రుడి దగ్గరికే వెళ్లిపోతుంది. అందుకే అక్కడి పాఠకుడు నవ్వుతున్నా, ఈ పిల్లని ఇంటివాళ్లు లాక్కుపోతారేమోనని లోపల బెంగ ఉంటుంది. నీ కథలో నవ్వుంది, ఆ బెంగ లేదు. పోగొట్టుకోవడానికి వాళ్లకు ఏదో ఒకటి ఉండాలి.

పూల్ పార్టీ సీన్ మొత్తం తీసెయ్. ఆ పిల్లకి తన ఇంట్లో దొరకనిది ఏమిటో వెతుకు. చాలా చిన్నదై ఉండాలి, అడగడానికి సిగ్గేసేంత చిన్నది. దాన్ని అబ్బాయి చేతిలో పెట్టి, మూడో చాప్టర్ మళ్లీ రాయి. శనివారం లోపు పంపితే ఆదివారం కూర్చుని చదువుతాను.

ప్రేమతో,
మీ అత్తయ్య