వట్టి చేతులతో బయటికి రాకు బుజ్జీ

బుజ్జీ,

మొన్న మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్ చేసింది. కాసేపు ఏడ్చి, కాసేపు అల్లుణ్ణి తిట్టి, ఆఖర్న అసలు సంగతి చెప్పింది. ఈ నెలాఖరుకి నువ్వు ఇల్లు వదిలి వచ్చేస్తున్నావట, నిజాంపేటలో గది కూడా చూసుకున్నావట. ఇరవై మూడేళ్ళ కాపురం తర్వాత ఎవరి కాళ్ళూ పట్టుకోకుండా, వీధిన పడి అరవకుండా నీ అంతట నువ్వు ఒక నిర్ణయానికి వచ్చావంటే, అబద్ధమెందుకు, నాకు ఛాతీ పొంగింది. ఆ తర్వాత మీ అమ్మ ఇంకో మాట అంది. "రెండు సూట్‌కేసులు తప్ప ఏమీ తెచ్చుకోదట అక్కా, ఆయన రూపాయి కూడా ముట్టుకోనంటోంది" అని. అప్పట్నుంచి నాకు కంటిమీద కునుకు లేదు.

ముక్కలు ముక్కలుగా పంపితే నువ్వు మధ్యలో అడ్డం వస్తావు. అందుకే ఒక్క వేలితో రెండ్రోజులుగా టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ముందు చిన్నవి చెప్పేస్తా. ఆ టోల్‌గేట్ మెసేజ్‌లు తీసెయ్యకు. బెంగళూరు పోతున్నానన్న మనిషి కారు విజయవాడ దారిలో పంతంగి దాటిందనీ, కొర్లపహాడ్ దాటిందనీ, చిల్లకల్లు కూడా దాటిందనీ వరసగా నీ ఫోన్‌కే వచ్చాయంటే, ఫాస్టాగ్‌కి ఇచ్చింది నీ నంబరేనన్న సంగతి మర్చిపోయాడంటే, నాకు కోపం కన్నా ముందు నవ్వొచ్చింది. వాటిని ఇంకోచోట కూడా దాచుకో. ఆయన పెట్టుకున్న ఆవిడ ఇంటికి వెళ్ళకు, ఫోనూ చెయ్యకు. పిల్లలతో ఆయన మీద నిఘా పెట్టించకు. స్కూల్ ఉద్యోగం మానకు. అన్నం మానకు.

ఇంకోటి, సిగ్గుపడకుండా చదువు. హెచ్‌ఐవీ రక్తపరీక్ష చేయించుకో. గవర్నమెంటు ఆసుపత్రిలో ఐసీటీసీ అని గది ఉంటుంది, డబ్బు తీసుకోరు, ఫలితం నీకు తప్ప ఎవరికీ చెప్పరు. ఇప్పుడోసారి, మూడు నెలలాగి ఇంకోసారి. "ఛీ పెద్దమ్మా" అంటావని తెలుసు. నేను ఇరవై రెండేళ్ళు నర్సింగ్‌హోమ్‌లో బిల్లుల కౌంటర్ దగ్గర కూర్చున్నదాన్ని. తొంభైల చివర్లో మన జిల్లాల్లో ఆ జబ్బు ఎలా పాకిందో నాకు తెలుసు. గడప దాటని ఆడవాళ్ళు, మొగుడు తప్ప ఇంకో మగాడి ముఖం చూడనివాళ్ళు, చేతిలో ఆ కాగితం పట్టుకుని నా కిటికీ ముందు నిలబడి "ఎంతయిందమ్మా" అని అడిగేవాళ్ళు. ఆ గొంతులు నాకింకా వినిపిస్తాయి. నీ విషయంలో ఏమీ ఉండదు. అయినా చేయించుకో, నా కోసం.

మీ తమ్ముడు బావని జైల్లో పెట్టిస్తానని ఊగిపోతున్నాడట. వాడికి చెప్పు, వేరే ఆడదానితో ఉన్నాడని మొగుణ్ణి జైల్లో పెట్టే సెక్షన్ ఇప్పుడు లేదు. 497ను సుప్రీంకోర్టు 2018లోనే కొట్టేసింది. ఉన్న రోజుల్లో మాత్రం మనకేం ఒరిగింది? ఆ కేసు పెట్టగలిగింది ఆవిడ మొగుడే తప్ప ఈయన పెళ్ళాం కాదు. అప్పట్లో తెనాలిలో ఒక వకీలు ఈ మాట చెప్తే నమ్మక ఇంకో వకీలు దగ్గరికి వెళ్ళాను, ఆయనా అదే చెప్పాడు. విడాకులకైతే అది ఇప్పటికీ కారణమే. ఇంకో సంగతి, కేసు బలంగా ఉండాలని లేని కట్నం వేధింపులు రాయమని ఎవరన్నా సలహా ఇస్తే వినకు. ఉన్నది చాలు. లేనిది కలిపితే ఉన్నదాన్ని కూడా నమ్మరు.

ఇప్పుడు నీకెప్పుడూ చెప్పనిది చెప్తా. 1989లో నేను రేపల్లె మావయ్య ఇంటికి వచ్చేసేటప్పటికి నీకు పదకొండేళ్ళు. అమ్మమ్మకి బాగోలేదు, చూసుకోడానికి వచ్చానని పిల్లలందరికీ చెప్పారు. నువ్వేమో పెదనాన్న ఎప్పుడొస్తాడు, జిలేబీ పొట్లం ఎప్పుడు తెస్తాడని నా ప్రాణం తీసేదానివి. నిన్ను భుజాల మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పిన మనిషి. అదీ అబద్ధం కాదు. నీకు ఆయన్ని చెడ్డవాణ్ణి చెయ్యడం ఇష్టం లేక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

ఒకరోజు టైలర్ దగ్గర కుర్రాడు కాగితం పొట్లం తెచ్చి ఇచ్చాడు, "అయ్యగారు డబ్బులిచ్చేశారమ్మా" అని. రెండు జాకెట్లు, ఒకటి మెరూను, ఒకటి పసుపు. పండక్కి నాకు తెలీకుండా కుట్టించారు కాబోలని మురిసిపోయాను పిచ్చిదాన్ని. మెరూనుది తొడుక్కున్నాను. చెయ్యి మోచేతి పైన ఇరుక్కుపోయింది. పైకి పోదు, కిందికి రాదు. అద్దం ముందు ఒక చెయ్యి ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాను, ఇది నా కొలత కాదు అన్నది అప్పటికి బుర్రకెక్కింది. ఆఖరికి బ్లేడుతో కుట్టు తెంపుకుని బయటపడ్డాను.

రాత్రి అడిగితే మీ పెదనాన్న కాదనలేదు. "నీకేం తక్కువ చేశాను?" అన్నారు. అంతే. బొడ్లోంచి తాళాలగుత్తి తీసి వరండాలో విసిరికొట్టి, మీ అక్కని నిద్రలేపి, రెండు చీరలు సంచిలో కుక్కుకుని రేపల్లె పాసింజర్ ఎక్కేశాను. బీరువాలో పన్నెండు కాసుల బంగారం, పొలం పాస్‌బుక్, నా పదో తరగతి సర్టిఫికెట్ ఉండిపోయాయి. సర్టిఫికెట్ సంగతి గుర్తొచ్చింది ఎప్పుడో తెలుసా, ఏడాది తర్వాత నర్సింగ్‌హోమ్‌లో ఉద్యోగానికి అడిగినప్పుడు.

ఇది కూడా పెద్ద తప్పు కాదే. అసలు తప్పు మూడు నెలల తర్వాత చేశాను. పెద్దమనుషులు కూర్చున్నారు. పది రూపాయల స్టాంపు కాగితం మీద "నాకు రావలసినవన్నీ ముట్టినవి, ఇకమీదట ఎట్టి హక్కులూ లేవు" అని రాసుకొచ్చారు. ఒక్క రూపాయి ముట్టలేదు, చదివి చూసే సంతకం పెట్టాను. అక్కడితో ఆగానా? మా నాన్న పసుపు కుంకుమ కింద నాకిచ్చిన ఎనభై సెంట్ల మాగాణి ఉండేది, నా పేరునే. కౌలు డబ్బు ఆయన వసూలు చేసేవారు. "ఆ పొలం కూడా మీరే ఉంచుకోండి, మీ చెయ్యి పడ్డది నాకొద్దు" అని అందరి ముందూ అనేశాను. ఆయన వద్దనలేదు. వారం తిరక్కుండా రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళి, అమ్మినట్టు, డబ్బు ముట్టినట్టు రాసిన దస్తావేజు మీద వేలిముద్రలూ సంతకాలూ అన్నీ నా చేత్తోనే పెట్టాను. బయటికొస్తుంటే ఎవరో పెద్దాయన "ఎంత అభిమానం గల మనిషమ్మా" అన్నాడు. ఆ మాట నాకు ఎంత బావుందో! ఆ మాట పట్టుకునే ఇంటిదాకా నడిచొచ్చాను.

తర్వాత పద్నాలుగు నెలలు మావయ్య ఇంట్లో ఉన్నాం. మీ అత్తయ్య చెడ్డది కాదు, పల్లెత్తు మాట అనలేదు. కానీ నేను రెండోసారి అన్నం పెట్టుకోబోతే గిన్నె మీద మూత పెట్టే చప్పుడు ఒకటి వచ్చేది. మీ అక్క ఇంటర్ ఫీజుకి చెవుల కమ్మలు తాకట్టు పెట్టాను, అవి మళ్ళీ ఇంటికి రాలేదు. తర్వాత ఆ వకీలే చెప్పాడు, పెద్దమనుషుల కాగితం కోర్టులో విడాకులు కావు, భార్యగా నీ హక్కులు నీకుంటాయి అని. కాస్త ప్రాణం లేచొచ్చింది. భరణం సంగతి అడిగితే సెక్షన్ 125 కింద నెలకి 500 రూపాయలకి మించి ఇప్పించడానికి చట్టమే ఒప్పుకోదన్నాడు, ఆ పరిమితి 2001లో గానీ తీయలేదు. మరి పొలమో అన్నాను. దస్తావేజు తిరగేసి చూసి, "ఇది మీరు తెలిసి చేసిందమ్మా" అని చేతికిచ్చేశాడు.

మీ అక్క పదిహేడో ఏట ఒకసారి అడిగింది, "అమ్మా, తాతయ్య పొలం నాన్నకెందుకిచ్చావు?" అని. తాతయ్య పొలం! దానికి తెలిసింది నాకు తెలీలేదు చూడు. ఆయన రూపాయి ముట్టుకోనని ఊరందరి ముందూ చెప్పి, మా నాన్న సొమ్ము తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టొచ్చాను. అది ఆ రోజు అడిగినదానికి ఇవాళ్టికీ నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఆయన రూపాయి అంటున్నావే, ఆ ఫ్లాటుకి పదకొండేళ్ళు నీ జీతంలోంచి ఈఎంఐ పోలేదూ? మీ నాన్న పెళ్ళిలో పెట్టిన నగలు ఆ లాకర్లో లేవూ? మరి అది ఎవరి రూపాయి?

కాబట్టి గది అడ్వాన్స్ ఇస్తే ఇచ్చావు గానీ, గడప దాటేముందు ఇవి చెయ్యి. ఫ్లాటుకి ఈసీ, అదే రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చే లావాదేవీల కాగితం, తీయించి ఎవరి పేరున ఉందో కళ్ళతో చూడు. నీ ఖాతాలోంచి ఈఎంఐ పోయిన స్టేట్‌మెంట్లన్నీ బ్యాంకులో అడిగి తీసుకో. నగలు నీవి, స్త్రీధనం మీద మొగుడికి హక్కు లేదు, లాకర్ తెరిచి తెచ్చుకో, తెచ్చినవాటికి ఫోటోలు తీసి పెట్టు. సర్టిఫికెట్లు, ఆధార్, పాన్, పిల్లల కాగితాలు ముందే మీ అమ్మ ఇంటికి చేర్చు. ఆయన గానీ, మరిది గానీ, ఎంత మంచి మాటలతో తెచ్చినా సరే, లాయర్ చూడని కాగితం మీద సంతకం పెట్టకు. పవరాఫ్ అటార్నీ అన్న మాట వినిపిస్తే లేచి నడిచెయ్.

లాయర్ ఫీజుకి భయపడుతున్నావేమో, జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్ళకి జీతం ఎంతున్నా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా చెప్తారు. అసలు నువ్వే ఎందుకు వెళ్ళాలి అన్నది కూడా వాళ్ళని అడుగు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఇల్లు మొగుడి పేరున ఉన్నా సరే, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకుంది. ఆ గోడల మధ్య ఊపిరాడదంటే వచ్చెయ్, తప్పు లేదు, కానీ ఆ హక్కు ఉందని తెలిసి రా. భరణం అడిగితే ఇద్దరూ ఆస్తులూ ఆదాయాలూ ప్రమాణపత్రంలో రాసివ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్క చేతికి రాకముందే "నాకేమీ వద్దు" అన్న మాట నీ నోటి వెంట రాకూడదు. ఇద్దరూ ఒప్పుకుని విడిపోదామన్నా ఏడాది విడిగా ఉండాలి, తొందరేం లేదు.

ఒకవేళ నెల తిరిగేసరికి మనసు మారి, ఉండిపోతానన్నావనుకో, అప్పుడూ నేను నిన్నేమీ అనను. ఆకూ ముల్లూ సామెత చెప్పేవాళ్ళు బోలెడుమంది వస్తారు, నేను మాత్రం చెప్పను. కానీ ఉన్నా సరే, ఈ కాగితాలన్నీ నీ చేతిలో పెట్టుకునే ఉండు.

ఈ ఆదివారం బస్సెక్కి వస్తున్నాను. వద్దనకు. లాకర్ దగ్గరికి సోమవారం ఇద్దరం కలిసి వెళ్దాం, నువ్వు లోపలికి వెళ్ళు, నేను బయట కుర్చీలో కూర్చుంటా. గోంగూర పచ్చడి పట్టాను, నీకు ఉల్లిపాయ వేసింది, పిల్లలకి వెయ్యనిది. గదిలో మంచం లేకపోతే కింద పడుకుంటాలే, మోకాళ్ళ సంగతి నువ్వు పట్టించుకోకు.

ఇది మీ అమ్మకి చూపించకు. జాకెట్ల సంగతి దానికి కూడా తెలీదు.

మీ పెద్దమ్మ