పండ్ల పిప్పిలో ప్రొటీన్ కోసం వెతక్కండి

జ్యూస్ తీశాక మిగిలే పిప్పి, తొక్కలు ఊరికే పారబోస్తున్నారు కదా, వాటితో తక్కువ ఖర్చులో ప్రొటీన్ ఎక్కువుండే చిరుతిళ్ళు చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చు, నేను రెండేళ్ళుగా చిన్న ఎత్తున చేస్తున్నాను. కానీ పిప్పిలో ప్రొటీన్ చాలా తక్కువని ముందే తెలుసుకోండి, నేను దెబ్బతిన్నది అక్కడే. ఎండబెట్టిన యాపిల్ పిప్పి నూరు గ్రాములు తీసుకుంటే అందులో ప్రొటీన్ నాలుగైదు గ్రాములు, మిగతాది చాలావరకు పీచు, చక్కెర. నా మొదటి బ్యాచ్ బిస్కెట్లు సగం పిప్పి పొడి, సగం గోధుమపిండితో చేసి ఎంతో నమ్మకంగా ల్యాబ్‌కి పంపాను. 7 శాతం వచ్చింది. మామూలు బిస్కెట్లలోనూ దాదాపు అంతే ఉంటుంది.

అందుకే ప్రొటీన్ పప్పుల నుంచి, నూనె తీసిన గింజల పిండి నుంచి రావాలి. పిప్పి ఇచ్చేది పీచు, పులుపు, వాసన, కొంత తీపి. ఇప్పుడు నేను వాడే పాళ్ళు: శనగపిండి 45, నూనె తీసిన సోయాపిండి 25, మొక్కజొన్నపిండి 15, పిప్పి పొడి 15. సోయాపిండిలో దాదాపు సగం ప్రొటీనే, శనగపిండిలో ఇరవై రెండు శాతం దాకా ఉంటుంది కాబట్టి నూరు గ్రాముల మిశ్రమానికి 24 గ్రాముల దగ్గర తేలుతుంది. సోయాపిండి మాత్రం వేడి చేసిందే కొనండి, పచ్చిదాంట్లో ప్రొటీన్ అరగకుండా అడ్డుపడే పదార్థాలుంటాయి. పిప్పి ఇంకా ఎక్కువ వేస్తే ఖర్చు తగ్గుతుంది కదా అని ఒకసారి 30 దాకా వెళ్ళాను. పీచు నీళ్ళన్నీ పీల్చేసుకుంది, పిండి పొంగలేదు, వేగాక పళ్ళతో కొరికితే చెక్కముక్కలా ఉంది. 15 దగ్గర విరిస్తే టప్‌మని విరుగుతుంది, ఆ శబ్దమే నాకు గుర్తు.

అసలు కష్టం ఆరబెట్టడంలో ఉంది, మీ డబ్బంతా ఇక్కడే పోతుంది. పిప్పి తెచ్చిన వెంటనే పని మొదలుపెట్టాలి. ఒకరోజు పొద్దున తెచ్చిన డ్రమ్ముని సాయంత్రం చూద్దాంలే అని వదిలేశాను, మూత తీసేసరికి గుప్పున కల్లు వాసన, చెయ్యి పెడితే లోపల గోరువెచ్చగా ఉంది, డ్రమ్ముకి డ్రమ్ము పారబోశాను. 100 కిలోల పిప్పిలో 75 కిలోలు నీళ్ళే అనుకోండి, తేమ 8 శాతానికి దిగేదాకా ఆరబెడితే చేతికొచ్చేది 27 కిలోలు. అంటే 73 కిలోల నీళ్ళని ఆవిరి చేయడానికి కరెంటో కట్టెలో కాల్చాలి. అందుకని డ్రయ్యర్‌లో పెట్టేముందు ఇంకోసారి గట్టిగా పిండించండి, ప్రెస్‌లో కారిపోయిన ప్రతి కిలో నీటికీ ఇంధనం మిగిలినట్టే. పలచగా పరిచి 60 డిగ్రీల దగ్గర ఆరబెడతాను, ఎక్కువ వేడి పెడితే పైన గట్టిపడి లోపల తడి ఉండిపోతుంది, ఆ తడి నిలవలో బూజు పట్టిస్తుంది. పిడికిట్లో నలిపితే గరగరలాడుతూ పొడవ్వాలి, ముద్దగా అంటుకుంటే ఇంకా ఆరనట్టే.

ఇక ఆరోగ్యం విషయం. ఇది పిల్లలు కూడా తినే వస్తువు, ఇందులో సర్దుబాటు వద్దు. యాపిల్ గింజలు, పీచ్, ఆప్రికాట్ పిక్కల లోపలి పప్పు నలిగితే సైనైడ్ విడుదలవుతుంది, కాబట్టి మర ఆడించేముందే గింజల్ని జల్లించి తీసేయాలి. కుళ్ళిన యాపిళ్ళ బూజులోంచి పాటులిన్ అనే విషం వస్తుంది, మామూలుగా వేడి చేస్తే అది పూర్తిగా పోదు. అందుకే చెత్తకుప్పలోంచి తీసిన పిప్పి ఎంత చవకగా ఇచ్చినా తీసుకోను. కుళ్ళిన పళ్ళు ఏరేసి, కడిగి, రసం తీసిన చోట నుంచే, శుభ్రమైన డబ్బాల్లో తెచ్చుకోండి. పురుగుమందుల అవశేషాలు తొక్కమీదే ఎక్కువ, ఆరితే ఇంకా చిక్కబడతాయి. ఆ పరీక్ష కూడా చేయించాకే అమ్మకం మొదలుపెట్టండి.

ప్యాకెట్ మీద "ప్రొటీన్ ఎక్కువ" అని రాయాలంటే మీ దేశపు లేబుల్ నిబంధన చూసుకోవాలి. యూరోపియన్ యూనియన్‌లో అయితే మొత్తం కేలరీల్లో కనీసం 20 శాతం ప్రొటీన్ నుంచి రావాలి. నూనెలో వేయిస్తే కేలరీలు పెరిగి ఆ శాతం పడిపోతుంది, నేను ఓవెన్‌కి మారింది అందుకే.

మీకు దొరికేది ఏ పండు పిప్పి, రోజుకి ఎన్ని కిలోలు? అది చెప్తే డ్రయ్యర్ ఎంత పెద్దది కావాలో లెక్క వేసి రాస్తాను.